మూడో గుంపు ఎలుకల మేత

పరీక్షకి ఎలుకల రక్తం తీసిన మర్నాడు మూడో గుంపు బోనుల కింది ట్రేలలో అన్నం మెతుకులు కనపడ్డాయి. ప్రయోగాలకి జంతువుల్ని ఉంచే మా కాలేజీ జంతుశాలలో ఎలుకలకి కంపెనీ మేత బిళ్లలు తప్ప మరేదీ పెట్టకూడదు.

తొంభైల చివర నేను బందరులో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ లెక్చరర్ని. గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చే శ్రీలక్ష్మి ఎం.ఫార్మసీ థీసిస్‌కి గైడ్‌ని కూడా. పారాసిటమాల్ మోతాదు మించితే లివరు పాడవుతుంది. కామెర్లకి పసరుగా వాడే నేల ఉసిరి దాన్ని ఆపుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఒక గుంపు ఎలుకలకి ఏమీ ఇవ్వలేదు, రెండో గుంపుకి పారాసిటమాల్ మాత్రమే, మూడోదానికి పసరు కూడా. లివరు దెబ్బతింటే ఎస్‌జీపీటీ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుంది. మూడో గుంపులో అది దాదాపు మామూలుగానే ఉంది. నెలాఖరులోగా నేను సంతకం పెడితే శ్రీలక్ష్మికి హైదరాబాదులో కుదిరిన ఉద్యోగం దక్కుతుంది.

మెతుకుల సంగతి అటెండర్ సుబ్బారావుని అడిగాను. అతనిది నాగాయలంక. వాళ్లింట్లో తాతల నాటి నుంచి కామెర్లకి పసరు ఇస్తారు. ఉప్పూ నూనె లేని మజ్జిగన్నం తనే పెట్టానన్నాడు.

"పథ్యం లేకుండా పసరెలా పనిచేస్తుందండీ?"

రెండో గుంపుకెందుకు పెట్టలేదన్నాను.

"వాటికి మందే లేదు కదండీ, పథ్యం దేనికి?"

"ఎలుకలేమన్నా రోగులా బాబాయ్?" అంది శ్రీలక్ష్మి.

"బాగున్నవాటి లివరు పాడుచేసింది మనమే కదమ్మా. ఇంక రోగులు కాక ఏమవుతాయి?"

మేత మారితే పారాసిటమాల్‌ని లివరు తట్టుకునే తీరూ మారవచ్చు. కాబట్టి ఎలుకల్ని కాపాడింది ఆకో అన్నమో చెప్పలేం.

"ఈ ఒక్కటీ రాయకపోతే, సార్?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

"ట్రే నేను చూశానమ్మా" అన్నాను.

సంతకం పెట్టలేదు. శ్రీలక్ష్మికి ఆ ఉద్యోగం పోయింది. అన్ని గుంపులకీ బిళ్లలే పెట్టి ఆమె ప్రయోగం మళ్లీ చేసింది. ఈసారి పసరు కొంత పనిచేసింది గాని, మొదటిసారంత కాదు. ఆర్నెల్లు ఆలస్యంగా ఆ ఫలితంతోనే డిగ్రీ తెచ్చుకుంది.

ప్రయోగం కాగితం మీద పెట్టేముందు మేత పెట్టే మనిషితో కూర్చుని మాట్లాడాలని నేను నేర్చుకున్నాను. అప్పటిదాకా సుబ్బారావుకి ఏం చెయ్యాలో చెప్పామే గాని, ఎందుకో చెప్పలేదు.

పారాసిటమాల్ ఇచ్చి, పసరు లేకుండా పథ్యం మాత్రమే పెట్టే నాలుగో గుంపు కావాలని జంతు ప్రయోగాల కమిటీకి రెండుసార్లు ప్రతిపాదన పంపాను. నేను రిటైరయ్యేదాకా అనుమతి రాలేదు.