మేస్త్రి పీకేసిన వాల్వు

చోడవరంలో నా పాత కారును ఇన్నేళ్లూ బాగుచేస్తూ నడిపించిన మేస్త్రి గారు మొన్న మంగళవారం పోయారు. ఫోను వచ్చేసరికి నేను పాడేరు ఘాట్‌లో ఉన్నాను, బడికి వెళ్తూ. కారు పక్కకు తీశాను. ఇంజను ఆపడానికి మాత్రం చాలాసేపు మనసు రాలేదు.

మా మధ్య చనువు ఒక తప్పుతో మొదలైంది. నాకు కొండమీది బడికి బదిలీ అయిన ఏడాది, చలికాలం పొద్దున్నే హీటరు వేస్తే నోటితో ఊదినంత వెచ్చదనం కూడా వచ్చేది కాదు. ఒకరు ఫ్యాను మార్చారు, ఇంకొకరు పైపులు మార్చారు. లాభం లేక ఈయన దగ్గరికే తెచ్చాను.

ఆయన పనిముట్లేవీ తీయలేదు. రేడియేటర్లో నీళ్లు చూశారు, నిండుగానే ఉన్నాయి. అరగంట ఇంజను నడవనిచ్చి, హీటరుకు వెళ్లే రెండు పైపులనూ ఒట్టి చేత్తో పట్టుకున్నారు. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి.

"తప్పు నాదే బాబూ," అన్నారు. "ఇంజను వేడెక్కిపోతాదని అప్పుడెప్పుడో రేడియేటరు దారిలో ఉండే వాల్వు నేనే పీకేసేను. మన ఎండలకి అదెందుకనుకున్నాను. అది లేకపోతే నీళ్లు కాగకముందే రేడియేటర్లోకెళ్లి సల్లారిపోతాయి. ఇంక మీకు వేడెక్కడ్నుంచొస్తాది?"

మా ఊళ్లో ఆ వాల్వు పీకని మేస్త్రి లేడు. పీకానని ఒప్పుకున్న మేస్త్రిని మాత్రం ఈయన్నే చూశాను. బోర్డు మీద నేను తప్పు రాస్తే గప్‌చిప్‌గా తుడిచేయడమే తప్ప, నాదే తప్పని పిల్లలతో ఏనాడూ అన్నవాణ్ని కాదు. ఆ తర్వాత అనడం నేర్చుకున్నాను.

ఎక్కడెక్కడో వెతికి వాల్వు తెచ్చి బిగించారు. ముందు చక్రాలు మిట్ట మీదకి ఎక్కించి, లోపల చిక్కుకున్న గాలంతా పోయేదాకా ఇంజను నడిపించారు. "ఒక్కోటీ సూసుకుంటా పోవాలి బాబూ. ఎక్కడో దగ్గర దొరుకుతాది," అనేవారు ఎప్పుడూ.

పోయినేడు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఆ పద్ధతిలోనే ఒక్కోటీ చూసుకుంటూ పోయాం. డాక్టర్లు, మందులు, పథ్యం. ఎక్కడా దొరకలేదు. ఈ మాట రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది.

వేసవి సెలవుల్లో డయాలసిస్‌కి విశాఖ నేనే తీసుకెళ్లేవాణ్ని. చివరిసారి తిరిగొస్తుంటే రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్క సీట్లో ఆయన దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు.

"హీటరెయ్యండి బాబూ."

వేశాను. నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన వణుకు తగ్గలేదు. మీట చివరిదాకా తిప్పాను, ఫ్యాను పెంచాను. ఇక పెంచడానికి ఏమీ లేదు.

"ఎక్కడో తేడా ఉంది మేస్త్రి గారూ, రేపు చూద్దాం," అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

ఆయన దుప్పట్లోంచి చెయ్యి తీసి గాలికి ఎదురుగా పట్టారు. ఏనాడూ మడ్డి వదలని ఆ వేళ్లు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి.

"గాలి బాగానే వస్తంది బాబూ," అన్నారు. "బండిలో తేడా ఏటీ లేదు."

చోడవరం చేరేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది, అంత వేడి గాలిలోనూ వణుకుతూ.