అర్థం కాని పాట

సైదాబాద్ నుండి పత్తర్‌గట్టికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న యువతి కన్నులు మూసుకొని పాట వింటున్నది. ఇయర్‌ఫోన్ల నుండి సన్నగా బయటికి వినబడుతున్న మాటలు తెలియనివి కావడంతో అది ఏ భాష అని అడిగాను. చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చేతికిచ్చింది.

"తైవాన్‌ది బాపూ. చిన్న బ్యాండు. ఈ నడుమనే దొరికింది."

గిటారు వెంట ఒక మంద్రమైన స్త్రీకంఠం ఎవరినో బుజ్జగిస్తున్నట్లున్నది.

"మాటలు అర్థమవుతాయా తల్లీ?"

"కావు. గందుకే మస్తు ఇష్టం. మా ఇంట్ల నాకు అర్థమయ్యేటియన్నీ తిట్లే."

నలుబది యేండ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన నోరు ఊరకుండలేదు.

"అర్థమయ్యేటియి కాదమ్మా, అర్థమయ్యేవి అనవలె."

ఆమె నన్నొక క్షణం చూసి, ఇయర్‌ఫోన్ తీసుకొని చెవిలో పెట్టుకున్నది. దిగేదాకా మరల తీయలేదు.

నా మాట మాత్రం ఆమెకు చక్కగా అర్థమయింది.