అమెరికా పిచ్చర్ సంతకం కోసం రాస్ అల్ ఖైమా పోస్టు డబ్బా దాకా

ఆటగాళ్ల సంతకం కోసం స్టేడియం గేటు దగ్గర కాచుకునేవాళ్లుంటారు. నేను పోస్టు డబ్బా దగ్గర కాచుకునే రకం. దుబాయ్‌కి రెండు గంటల దూరంలో ఉన్న రాస్ అల్ ఖైమాలోని ఒక క్వారీ కంపెనీలో లెక్కలు చూసే రోజుల్లో, మా ఆఫీసు అమెరికన్ ఇంజనీరు స్వదేశం వెళ్లిపోతూ పాత బేస్‌బాల్ కార్డుల పెట్టె ఒకటి నా బల్ల మీద వదిలేశాడు. బేస్‌బాల్‌లో నాకు ఓనమాలు రావు. కానీ రిటైరైన ఆటగాడికి తన బొమ్మ ఉన్న కార్డు పంపితే సంతకం పెట్టి తిప్పి పంపుతాడని తెలిశాక పిచ్చి పట్టుకుంది. కార్డు, చిన్న ఉత్తరం, వాటితో పాటు మన చిరునామా మనమే రాసి అమెరికా స్టాంపు అంటించిన ఖాళీ కవరు పంపాలి. ఆయన సంతకం పెట్టి ఆ కవరులోనే వేసి పోస్టు చేస్తాడు.

ఎమిరేట్స్‌లో ఎక్కడా ఇంటికి ఉత్తరం రాదు, పోస్టు డబ్బాకే వస్తుంది. సొంత డబ్బా లేనివాళ్లకు కంపెనీ డబ్బాయే దిక్కు. ఒక జట్టులో అందరి సంతకాలూ సంపాదించాను, ఎనభై దాటిన ఒక పిచ్చర్‌ది, అంటే బంతి విసిరే ఆటగాడిది, తప్ప. ఆయన బొమ్మతో నా దగ్గరున్న ఒక్క కార్డూ పంపి, జవాబు రాకముందే ఉద్యోగం మారి బర్ దుబాయ్‌కి వచ్చేశాను. ఈలోగా పాత కంపెనీ మూతపడే రోజు వచ్చింది. డబ్బా తాళం చెవి ఉండే డ్రైవరు మల్లేశం ఫోన్ చేశాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె.

"సార్, డబ్బ గురువారంతోని ఖలాస్. ముదీర్ చెప్పిండు. మీ కవర్లేమన్న ఉంటె ఇగ మల్ల దొరకయి. ఒకపారి వచ్చిపోరాదుండ్రి." ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు.

గురువారం సెలవు పెట్టాను. మెట్రోలో యూనియన్ స్టేషన్‌కి వెళ్లి, ఎనిమిదికల్లా రాస్ అల్ ఖైమా బస్సెక్కాను. టికెట్ పాతిక దిర్హాంల లోపే. షార్జా ట్రాఫిక్ కరుణిస్తే రెండు గంటల ప్రయాణం. కిటికీ అవతల చూడ్డానికి ఇసుకా, గోడౌన్లూ తప్ప ఏమీ లేవు, కాబట్టి నిద్రపోవచ్చు. నాకు మాత్రం పట్టలేదు. కవరు ఈ రోజు డబ్బాలో లేకపోతే, రేపు వచ్చినా అందుకునేవాళ్లుండరు. దిగాక టాక్సీలో పోస్టాఫీసుకి బయల్దేరితే పెషావర్ డ్రైవరు ఎందుకొచ్చానని అడిగాడు. చెప్పాను.

"ఖత్ కే లియే దుబాయ్ సే ఆయా? ఫోన్ నహీ హై క్యా?" అన్నాడు, ఒక్క ఉత్తరం కోసం ఇంత దూరమా అన్నట్టు. ఫోన్ ఉందనే చెప్పాను.

మల్లేశం చెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. డబ్బాలో బిల్లులు, ప్రకటన కాగితాలు, నా పేరుతో రెండు కవర్లు. ఒకదాని మీద అమెరికా స్టాంపు, నా చేతిరాత. గబగబా చించాను. కార్డు వెళ్లినట్టే తిరిగొచ్చింది, సంతకం లేదు. నాన్న చేయి ఇప్పుడు కలం పట్టడం లేదు, క్షమించండి అని ఆయన కూతురు చిన్న చీటీ పెట్టింది. బాధేసింది, దాచుకోను.

"ఏమైంది సార్?"

"సంతకం పెట్టలేదన్నా. ఆయన చేయి సహకరించట్లేదట."

"గా ముసలాయిన మీకు ఎరికేనా?"

"లేదు."

"మరి?" అన్నాడు. బేస్‌బాల్ గురించీ తిరుగు కవర్ల గురించీ చెప్పుకొచ్చాను. మల్లేశం సిగ్గుపడిపోయాడు.

"గట్లనా! నేనింకేమో అనుకున్న. స్టాంపు అమెరికాదే గని రాత మీదే ఉండె గద ప్రతిపారి. లేబర్ క్యాంపుల అందరం అనుకున్నం, సార్‌కు రాసెటోళ్లు ఎవ్వలు లేరు, పాపం తనకు తానే రాసుకుంటుండు అని. డబ్బ బంద్ అయ్యేలోపట ఒక్కటన్న వేరేటోళ్ల రాత రావాలె గద అని..."

రెండో కవరు మల్లేశం పంపిందే. ఇక్కడి స్టాంపు కొని, ఇదే ఊళ్లో పోస్టు చేశాడు. లోపల తెలుగులో మూడే ముక్కలు: "సార్‌కు నమస్తే. మేమంత మంచిగున్నం. మీరు పైలం." కింద వంకరగా, ఒత్తి పెట్టిన సంతకం. ఇద్దరం కాసేపు నవ్వుకుని, ఎదురుగా ఉన్న కెఫెటేరియాలో చిక్కటి కరక్ చాయ్ తాగి విడిపోయాం.

సాయంత్రం బస్సులో ఆలోచిస్తే, నా ఆల్బంలోని సంతకాలన్నీ నేను అడిగితే వచ్చినవే. ఆ పెద్దమనుషులు మంచివాళ్లే, కానీ నా ముఖం వాళ్లకు తెలియదు, వాళ్ల ఆట నాకు తెలియదు. ఆ జట్టు పేజీలో ఖాళీగా ఉన్న అర ఒక్కటే, ఆ పిచ్చర్‌ది. రూముకి రాగానే మల్లేశం ఉత్తరాన్ని మడిచి, సంతకం పైకి కనబడేలా అందులో పెట్టాను.

ఈ సరదా ఉన్నవాళ్లకు ఒక మాట. కంపెనీ డబ్బాను నమ్ముకోకుండా సొంత డబ్బా తీసుకోండి, తిరుగు కవరు మూలన ఆటగాడి పేరు రాయండి. లేకపోతే మీకు మీరే ఉత్తరాలు రాసుకుంటున్నారనుకుంటారు. తాళం చెవి మల్లేశం లాంటివాడి దగ్గరుంటే మాత్రం, పేరు రాయకపోయినా నష్టం లేదు.