పోస్టుమాస్టరుగారి చొక్కా, మామయ్య రికార్డు

క్రికెట్‌లో ఒక జట్టు కొట్టిన రికార్డు స్కోరును ఇంకో జట్టు దాటగలదా అని ఎవరైనా అడిగితే, దాటకేం అనేవాణ్ణి నేను. బ్యాట్లు మందమయ్యాయి, బౌండరీలు దగ్గరికొచ్చాయి, ఇరవై ఓవర్ల ఆట మరిగాక కుర్రాళ్ళకి భయమన్నదే లేదు. మా అత్త ముందు మాత్రం ఈ మాట ఎత్తేవాణ్ణి కాదు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉన్న మనిషితో మనకెందుకు వాదన!

అత్తది మా వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం. ఒక బల్ల, దానిమీద మడతపెట్టిన పాత దుప్పటి, నీళ్ళ గిన్నె, గోడ మేకుకు రేడియో. అత్త ఇస్త్రీ చేస్తే మామయ్య సైకిల్ మీద బట్టలు ఇళ్ళకు చేర్చేవాడు. ఇద్దరికీ క్రికెట్ పిచ్చే. మ్యాచ్ ఉన్న రోజు వాళ్ళు మాట్లాడుకునేది ఓవరుకీ ఓవరుకీ మధ్యనే.

వన్డేల్లో ఆ రికార్డు స్కోరు వచ్చిన రోజు, ఆఖరి ఓవర్లో సిక్సరు పడగానే అత్త రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. పెట్టె మాత్రం చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చాక చూస్తే ఏముంది, పోస్టుమాస్టరుగారి తెల్లచొక్కా వీపున పెట్టె అచ్చు పడింది. ఆయన ఆరడుగుల మనిషి, పైగా కోపిష్ఠి. అత్తకు ఏడుపొక్కటే తక్కువ.

“ఊరుకోవే. రికార్డంటే ఊరికే వస్తుందా? ఇక దీన్ని ఎవడూ కొట్టలేడు, చూస్తూ ఉండు,” అన్నాడు మామయ్య.

తనకోసం దాచుకున్న కొత్త బట్టతో పోస్టుమాస్టరుగారికి చొక్కా కుట్టించి ఇచ్చి, కాలిన చొక్కా తను తొడుక్కున్నాడు. అసలే బక్కపలచని మనిషి. దూరం నుంచి చూస్తే సైకిల్ మీద మామయ్య వస్తున్నాడో, చొక్కా ఒక్కటే వస్తోందో తెలిసేది కాదు. వీపు మీద ఆ మచ్చేంటని అడిగిన ప్రతివాడికీ సైకిల్ ఆపి మరీ కథ చెప్పేవాడు. “మా ఆవిడ నా వీపున వేసిన స్కోరు ఇది!” అనేవాడు. అత్త సిగ్గుతో చచ్చిపోయేది. అవెంత మంచి రోజులో! తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మామయ్య పోయాక అత్త ఆ చొక్కాను బీరువాలో దాచింది, ఆయన మాటను నెత్తిన పెట్టుకుంది. ఏ జట్టు ఆ స్కోరు దగ్గరికొచ్చినా బౌలర్లకు దండాలు పెట్టేది. బ్యాటింగ్ మన జట్టుదైనా అంతే.

“ఇదేం అన్యాయం అత్తా? అవతలివాళ్ళ బౌలర్లకి మొక్కుతావేంటి?”

“నోర్మూసుకోరా. రికార్డు ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు ఆ చొక్కా సంగతి అడుగుతారు, నేను చెప్తాను. అది పోయిందంటే మీ మామయ్యని ఇంకెవరు తలుచుకుంటారు?”

నేను రేడియో గొంతు కాస్త పెంచాను.

మొన్న మన జట్టే ఆ స్కోరు దాటేసింది. వీధంతా ఈలలు, టపాసులు. నేను పరుగున దుకాణానికి వెళ్ళాను. అత్త రేడియో కట్టేసి, తల వంచుకుని ఒక చొక్కా కాలరే రుద్దుతోంది.

“పోయింది కదరా,” అంది. నేనెప్పుడూ దాటుతారనే అన్నవాణ్ణి. ఆ రోజు మాత్రం దాటకుండా ఉంటే బాగుండుననిపించింది.

అంతలో పోస్టుమాస్టరుగారు వచ్చారు. ఎప్పుడో రిటైరయ్యారు, ఆరడుగుల మనిషీ నడుం వంగిపోయి కర్ర పట్టుకున్నారు. వస్తూనే బల్ల మీది చొక్కాలు తిప్పి వాటి వీపులు చూడడం మొదలుపెట్టారు.

“ఏం అమ్మాయ్, రికార్డు పోయిందటగా! ఈసారి ఎవరి చొక్కా కాల్చావు?”

ఇదా సమయం అని ఆయనకేసి గుడ్లురిమాను. అత్త మాత్రం ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఎవరిదీ కాల్చలేదు పోస్టుమాస్టరుగారూ. కాలిస్తే తొడుక్కునే మనిషేడీ?” అంది.