ఎర్ర శాలువా, నాలుగు ట్రాక్టర్లు

ఇదిగో, ఇక్కడ మెడ వెనకాల చూడండి. ఇంకా వాపు దిగలేదు కదా? చీమ. ఒక్కటంటే ఒక్క చీమ కుట్టింది. దాని పుణ్యమా అని మొన్న ఆదివారం దివిసీమలో నా పరువు కాస్తా బురదపాలైంది. అక్కడ నన్నిప్పుడు పేరుతో కూడా పిలవట్లేదట, చీమ మేష్టారు అంటున్నారట. టీ చల్లారకముందే తాగండి, చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, నేనేం అనుకోను. ఊరు ఊరంతా నవ్వేశాక స్టాఫ్ రూములో మీ ఆరుగురూ నవ్వితే నాకు కొత్తగా పోయేదేముంది?

నాకు కార్ల రేసుల పిచ్చి ఉన్న సంగతి మీకు తెలుసు. పదిహేనేళ్ళ నుంచి రేసున్న ఆదివారం సాయంత్రం టీవీ ముందు నుంచి కదలను. ఏ టైరు ఎన్ని రౌండ్లు వస్తుందో, ఏ మలుపులో ఎవడు బ్రేకు ఆలస్యంగా కొట్టాడో, మా ఆవిడ కూర తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్తాను. ఆవిడ వినదు, అది వేరే విషయం. ఇంతా చేసి, నిజం చెప్పొద్దూ, కళ్ళారా ఒక్క రేసు చూసిన పాపాన పోలేదు. మన గుడివాడలో ఏముందండీ చూడ్డానికి? బస్టాండు దగ్గర షేర్ ఆటోలవాళ్ళ పోటీ తప్ప.

అలాంటి నాకు మా బావ ఫోన్ చేశాడు. బావంటే మా అక్క మొగుడు, రాంబాబు. అవనిగడ్డ అవతల వ్యవసాయం. ఆదివారం వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్ల బురద పందెం ఉందని, తనూ దిగుతున్నానని, తప్పకుండా రమ్మని చెప్పాడు. నాకు నవ్వాగలేదు. ట్రాక్టరుకి పందెమేంటి బావా, నాట్లకి ముందు మీరు ఏటా మడిలో బురద తొక్కించి దమ్ము చేసేదే కదా, దానికి ఈసారి మైకూ షామియానా పెట్టించారా అన్నాను. పాపం, ఫోన్ అక్కకిచ్చేశాడు.

అక్క అసలు సంగతి చెప్పింది. బావ నడిపేది వాళ్ళ నాన్నగారు కొన్న పాత ట్రాక్టరు. ఇంట్లో కొత్తది ఉంది, పాతది షెడ్డులో సగం చోటు తినేస్తూ పడుంది. పామర్రు నుంచి మంచి బేరం వచ్చింది, అమ్మేద్దామని అక్క. మా నాన్న కూర్చున్న సీటు, ఇంకెవడో కూర్చుంటే చూడలేనని బావ. ఆరు నెలలు పోట్లాడుకుని చివరికి ఒక మాట మీదకొచ్చారట. ఈ పందెంలో ఫస్టో సెకండో వస్తే బండి ఇంట్లోనే ఉంటుంది. రాకపోతే సోమవారం పొద్దున పామర్రు వాళ్ళు తోలుకుపోతారు. "మనిషి అన్నం సరిగ్గా తినట్లేదురా శేషూ, నువ్వు పక్కనుంటే కాస్త ధైర్యంగా ఉంటాడు" అంది అక్క. అంటే నా అవసరం ఉందన్నమాట. ఇంక ఆగుతానా?

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా పులిగడ్డ వంతెన దాటి పదకొండింటికల్లా చేరాను. చూద్దును కదా, రేసు ట్రాకంటే ఎకరం మడి. నిండా నీళ్ళు పెట్టి తొక్కించారు. స్టార్టింగు లైను గట్టు మీద సున్నంతో వేశారు, అదీ వంకర. ప్రేక్షకుల గ్యాలరీ అంటే వరసగా నిలబెట్టిన ట్రక్కులు, వాటి మీద జనం. అత్యవసర వైద్య సదుపాయం అని మైకులో ఊదరగొడుతుంటే ఎక్కడా అని చూశాను. బజ్జీల బండి పక్కన ఒక ఆరెంపీ డాక్టరు గారు మోపెడ్ మీద కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్నారు.

నాలుగు ట్రాక్టర్లు. వెనక రబ్బరు టైర్లు తీసేసి దమ్ము చక్రాలు బిగించారు, అవే, పళ్ళున్న ఇనప చక్రాలు. మా బావ గ్రీజు డబ్బా పట్టుకుని చెమటలు కక్కుతూ బండి కింద ఉన్నాడు. నేను పెద్ద నిపుణుడిలా చేతులు వెనక్కి కట్టుకుని, వెనక టైరు ప్రెషర్ ఎంత ఉంచావు బావా అని అడిగాను. ఇనప చక్రంలో గాలెక్కడుంటుందిరా అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలు అటు తిప్పుకున్నారు. నేను అక్కణ్ణుంచి మెల్లిగా షామియానాలోకి జారుకున్నాను.

అక్కడ కమిటీ పెద్ద కోటేశ్వరరావు గారు తల పట్టుకుని ఉన్నారు. ముఖ్య అతిథిగా రావాల్సిన పెద్దమనిషి బందరులో పెళ్ళిలో ఇరుక్కుపోయాడట, రాలేనన్నాడట. అతిథి లేకపోతే ఏమైంది, మొదలుపెట్టేయండి అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. సన్మానం లేకుండా ఎలాగండీ, శాలువా కొన్నాం, దండ తెచ్చాం, మెమెంటో మీద ఊరి పేరు కూడా వేయించాం అన్నారు. ఇంజన్లో డీజిల్ లేకపోయినా పందెం జరుగుతుందేమో గానీ, ఒకడికి శాలువా కప్పకుండా మాత్రం మన దగ్గర ఏదీ జరగదు కదండీ.

సరిగ్గా అప్పుడే మా బావ వచ్చాడు. మా బావమరిది ఉన్నాడుగా, గుడివాడలో లెక్చరరు, రేసుల గురించి వాడికి తెలియంది లేదు అన్నాడు. ప్రేమతోనే అన్నాడు లెండి. అబ్బే నేనెందుకండీ అన్నాను. మళ్ళీ అడిగారు. మూడోసారి అడగరేమోనని భయమేసి రెండోసారికే ఒప్పేసుకున్నాను.

కోటేశ్వరరావు గారు నన్ను పక్కకి తీసుకెళ్ళి పద్ధతి చెప్పారు. ఇంజన్ల మోతలో డ్రైవర్లకి మైకు వినపడదు. వాళ్ళ కళ్ళు స్టేజీ మీదే ఉంటాయి. ముందు సన్మానం, తర్వాత నా ఉపన్యాసం, ఆ తర్వాత ఎర్ర గుడ్డ చేతికిస్తారు. దాన్ని పైకెత్తి ఊపగానే బండ్లు కదుల్తాయి. "అర్థమైందా సార్?" అన్నారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నానండీ, నాకు చెప్పాలా అన్నాను. చూశారా, ఆ నోటికి తాళం వెయ్యాలి.

స్టేజీ ఎక్కాను. ట్రాక్టర్లు లైను మీదకొచ్చి బురబురలాడుతున్నాయి. మోటారు రేసుల మహా పండితులు అని మైకులో పరిచయం చేస్తుంటే, ఆహా, వద్దు వద్దంటూనే వింటున్నాను. పొద్దున్నుంచీ తుమ్మ కొమ్మకి వేలాడేసిన బంతిపూల దండ తెచ్చి మెళ్ళో వేశారు. బావ తన బండి స్టార్ట్ చేసి వదిలి, నాకు కప్పాల్సిన శాలువా తనే పట్టుకొచ్చాడు. ఎర్ర శాలువా, జరీ అంచు, ఆ ఉక్కపోతలో కంబళంత మందం. కోటేశ్వరరావు గారు దాన్ని అందుకోగానే బావ, నేను వెళ్తాన్రా, అక్కడ రెడీగా ఉండాలి అన్నాడు. ఆ మాటకి సరే వెళ్ళు అనాలా వద్దా? నేనేం అన్నానో తెలుసా? ఫోటోగ్రాఫరు బజ్జీలకి పోయినట్టున్నాడు, ఒక్క ఫోటో తీసి వెళ్ళు బావా, కాలేజీ గ్రూపులో పెట్టుకోవాలి అన్నాను. మీకోసమేనండీ, మీరు చూసి కుళ్ళుకోవాలని.

బావ వెనక్కి ఒకసారి బండివైపు చూసుకుని, ఫోన్ తీశాడు. శాలువా కప్పారు. నేను గడ్డం పైకెత్తి నవ్వాను. అప్పుడు కుట్టింది మొదటిసారి, దండలోంచి దిగిన ఎర్రచీమ, సరిగ్గా ఇక్కడ. ఫోటో పాడవుతుందని ఓర్చుకున్నాను. ఇంకొంచెం లోపలికెళ్ళి రెండోసారి కుట్టింది. అమ్మ బాబోయ్ అని శాలువా లాగేసి, రెండు చేతులా పైకెత్తి ఫటఫటా దులిపాను.

ఎర్ర శాలువా, స్టేజీ మీద ముఖ్య అతిథి, పైకెత్తి ఊపడం. వాళ్ళని ఏమనగలం? మూడు ట్రాక్టర్లు ఒక్కసారి బురదలోకి దూకాయి. నాలుగోది లైను మీద ఒంటరిగా పొగ వదుల్తూ నిలబడింది. దాని డ్రైవరు నా ముందు ఫోన్ పట్టుకుని ఉన్నాడు. బావ నా మొహం చూశాడు. మడివైపు చూశాడు. ఫోన్ నా చేతిలో పడేసి, పంచె ఎగ్గట్టి గట్టు మీద పరిగెత్తాడు.

నేనూ స్టేజీ దూకి ఆయన వెనకాల పరిగెత్తాను. ఇప్పుడు చెప్తున్నాను, వినండి. టీవీలో చూసింది రేసు కాదండీ. టీవీలో సౌండు మనకి ఎక్కువైతే తగ్గించుకుంటాం. అక్కడ ఆ మోత పాదాల్లోంచి ఎక్కి పొట్టలో తిరిగింది. బురద మనిషెత్తు లేస్తోంది. డీజిలు పొగ, తడి మట్టి వాసన, ట్రక్కుల మీద జనం కేకలు. మా బావ ఎగిరి సీట్లో కూర్చుని బండిని వదిలాడు చూడండి, నాకు ఒళ్ళంతా పులకరించిపోయింది. ఏరోడైనమిక్సూ లేదు, నా బొందా లేదు. తొక్కు బావా తొక్కు అని గొంతు చించుకుంటూ పరిగెడుతున్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ సంతోషంలో మలుపు దగ్గర మరీ అంచుకి వెళ్ళాను. ఏదో బండి చక్రం తట్టెడు బురద తెచ్చి నా మొహానికి కొట్టింది. కళ్ళజోడు మూసుకుపోయింది, కాలు జారింది, గట్టు పక్కన బోదె కాలవలో వెల్లకిలా పడ్డాను.

ఎవరో చెయ్యిచ్చి లేపేసరికి పందెం అయిపోయింది. కళ్ళజోడు తుడుస్తుంటే ఇంకా పులుముకుంటోంది. అంతా మసక. మైకులో ఫస్టు వచ్చినవాడి పేరు వినపడింది, మా బావ పేరు కాదు. ఇంకేం వినాలి నేను? నా ఫోటో పిచ్చికి వాళ్ళ నాన్న ట్రాక్టరు పోయింది కదా అని, తిన్నగా స్టేజీ ఎక్కి, ఇంకా ఏదో చెప్పబోతున్న కోటేశ్వరరావు గారి చేతిలోంచి మైకు లాక్కున్నాను. "ఈ పందెం చెల్లదు" అన్నాను.

ఎందుకు చెల్లదండీ, ఊపింది మీరేగా అన్నారాయన. అవును, ఊపాను అంటే నా మర్యాద దక్కుతుంది, బావ ట్రాక్టరు పోతుంది. లేదంటే ఉన్నది చెప్పాలి. ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించడం ఆ రోజుకి అదే మొదలు.

"నేను ఊపలేదండీ. చీమ కుట్టింది. దులుపుకున్నాను."

మైకు బాగా పనిచేస్తోంది. ట్రక్కులు ఊగేలా నవ్వులు. దూరంగా మడి అవతల మా బావ, మసగ్గానే అయినా పోల్చుకున్నాను, ట్రాక్టరు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. బావమరిది పరువు పణంగా పెట్టాడని కృతజ్ఞత కాబోలు అనుకుని, నేనూ రెండు చేతులూ ఊపాను. ఫస్టు వచ్చినవాడికి రోషం వచ్చి, మళ్ళీ పెట్టండి, మళ్ళీ గెలుస్తాను అన్నాడు. కమిటీ కూడబలుక్కుని సరేనంది. నన్ను మాత్రం ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అందేంత దూరంలో గుడ్డముక్క అనేది లేకుండా చూసుకున్నారు.

ఈసారి కోటేశ్వరరావు గారే ఊపారు. నలుగురూ ఒక్కసారే కదిలారు. కళ్ళజోడు కూడా కడుక్కున్నాను, చక్కగా కనపడుతోంది. మా బావ అందరికంటే ముందు దూసుకెళ్ళాడు. దూసుకెళ్ళి, ఇందాకటి పందెంలో చక్రాలు తవ్విన గోతిలోకి తిన్నగా దింపాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఇరుసుదాకా దిగింది, అంతే. చివరికి ఫస్టు వచ్చినవాడే తాడు కట్టి లాగాడు.

గట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు బావ. నేను పక్కన చేరి భుజం మీద చెయ్యేశాను. పోనీలే బావా, న్యాయంగా ఓడిపోయాం అన్నాను.

"ఇందాక నేను సెకండ్ వచ్చాన్రా శేషూ" అన్నాడు.

మలుపు దగ్గర రెండు బండ్ల చక్రాలు తట్టుకుని ఆగిపోయాయట. ఈయన పక్కనుంచి దాటి వెళ్ళిపోయాడట. సెకండు ఎవరో చెప్పబోతుంటేనే నేను మైకు లాక్కున్నానట. వద్దు, వద్దు అని చేతులూపితే నేనూ ఊపానట. ఇదంతా నన్ను ఒక్క మాట కూడా తిట్టకుండా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్ళేసరికి అక్క అరుగు మీద నిలబడి ఉంది. అప్పటికే ఆవిడకి సగం కథ చేరిపోయింది, మిగతా సగం బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓడిపోయాను, మాట మాటే, పొద్దున వాళ్ళని రమ్మను అని లోపలికెళ్ళబోయాడు. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. అక్క నన్ను తల నుంచి కాలిదాకా, ఎండిన బురదతో సహా, ఒకసారి తేరిపార చూసింది.

"మీరు ఓడిపోతే అమ్మేద్దామన్నాను. వీడు ఓడిస్తే అమ్మేద్దామని నేనెప్పుడన్నాను?" అంది.

అక్కడే నిలబడి పామర్రు వాళ్ళకి ఫోన్ చేసి, రావద్దు, అమ్మట్లేదు అని చెప్పేసింది. బావ పైపు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి, ట్రాక్టరుకి అంటిన బురదంతా మెల్లిగా, చాలాసేపు కడిగాడు. నేనూ వెళ్ళి చక్రాలు తోముతానన్నాను గానీ, నువ్వు దేన్నీ ముట్టుకోకు అంది అక్క.

ఇరవై రెండేళ్ళుగా ఈ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నానండీ. నా తెలివితేటలు ఇన్నేళ్ళలో ఎవరినైనా ఒడ్డున పడేశాయో లేదో నాకు తెలీదు. నా తెలివితక్కువతనం మాత్రం ఒక ట్రాక్టర్ని నిలబెట్టింది.