ఒకటిన్నర అంగుళం

ఇరుళప్పన్ చేతి మీదుగా వెళ్ళిన బండి అదే జబ్బుతో మళ్ళీ తిరిగి రాదని సింగానల్లూరులో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. అతని తండ్రి మదురై వైపు నుంచి మిల్లు పనికి వచ్చి, మిల్లు మూతపడ్డాక మంచం పట్టాడు. అప్పటికి పదో తరగతి గట్టెక్కని ఇరుళప్పన్ ఒక ముసలి మెకానిక్ దగ్గర చేరి, తిట్లు తిని, గ్రీజు పూసుకుని, పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై మూడేళ్ళు. బస్టాండుకు రెండు వీధుల ఇవతల సొంత రేకుల షెడ్డు ఉంది. ఆరడుగుల మనిషి. ఏ బండి ఎక్కినా మోకాళ్ళు మడిచి కూర్చోవలసిందే. నేల అందకపోవడమంటే ఏమిటో అతని ఒంటికి ఏనాడూ తెలియదు.

కిందటేడు జూలైలో, గాలులు ఉధృతంగా వీచే ఆడి నెల మొదట్లో, ఒక శనివారం పొద్దున, ఆనంది ఆ షెడ్డుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఆమె తోసుకొచ్చిన మోటారు సైకిలు మాత్రం పెద్దది. ఎత్తుగా, వెడల్పాటి సీటుతో, వెనక సామాను కట్టే ఇనుప చట్రంతో ఉంది.

తుడియలూరులో ఒక పంపుల కంపెనీలో పనిచేస్తానని, తోటల్లో బోరు మోటార్లు చెడిపోతే వెళ్ళి చూసి వచ్చే సర్వీసు పని తనదని, బండి కంపెనీ వాళ్ళు ఇచ్చినదని తమిళంలో చెప్పింది. ఆ పనిలో ఉన్న ఆరుగురిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. బండి ఆపితే మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి. బురదలో ఇప్పటికే రెండుసార్లు పడింది.

ఇరుళప్పన్ ఆమెనూ బండినీ మార్చి మార్చి చూశాడు. పక్కన టీ కొట్టు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళకు వినిపించేట్టుగానే, తమిళంలో, "ఒక పీట పట్టుకుపోమ్మా, ఎక్కడానికీ దిగడానికీ పనికొస్తుంది" అన్నాడు. వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.

ఆనంది నవ్వలేదు. "తోటల్లోకి పీట మోసుకుపోలేను. రెండు పాదాలూ నేలకి ఆనేట్టు చేసివ్వండి. చాలు" అంది.

అప్పుడే ఇరుళప్పన్ భార్య పేచ్చియమ్మాళ్ అన్నం క్యారియర్ తీసుకొచ్చి, "చారు చల్లారిపోతుండాది. తినేసి పని చూడు" అని తెలుగులో కేకేసింది. ఆ మాట చెవిన పడగానే ఆనంది ముఖం విప్పారింది.

"మీరూ మన మాటేనా అన్నా? ముందే తెలిస్తే ఇంతసేపు తమిళంలో ఏంటికి మాట్లాడతాను?"

అంతే. అన్న అయిపోయాడు. మూడు షెడ్లు తిరిగానని, ఒకడు స్కూటర్ కొనుక్కోమన్నాడని, ఇంకొకడు మొగుణ్ణి తోలమన్నాడని ఆమె నవ్వుతూ తెలుగులో చెప్పుకుపోయింది. తను విసిరిన పీట మాటకు ఇరుళప్పన్‌కు సిగ్గేసింది. ఆ సిగ్గును పని మీద చూపించాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలను క్లాంపులో వదులు చేసి పైకి జరిపాడు, బండి ముక్కు దిగింది. వెనక కుదుపులు ఆపే షాకులు తీసేసి పొట్టి షాకులు బిగించాడు. మొత్తం మీద బండి ఒకటిన్నర అంగుళం కిందకు వచ్చింది. సీటు కవరు విప్పి, తొడలు ఒరుసుకునే చోట స్పాంజిని రెండు వైపులా చెక్కి సన్నం చేశాడు. హ్యాండిల్‌ను ఆమె వైపు తిప్పాడు. బ్రేకు పెడలూ గేరు రాడ్డూ ఆమె పాదం కొలతకు దించాడు.

ఎక్కి కూర్చోగానే ఆమె రెండు మడమలూ నేలను తాకాయి. "తగిలిందన్నా!" అంది. చిన్నపిల్లలా పాదాలతో రెండుసార్లు నేలను తట్టింది.

ఒక పని మిగిలిపోయింది. బండి దిగినప్పుడు సైడ్ స్టాండును కూడా ఆ మేరకు కోసి, దాని పాదం మళ్ళీ వెల్డింగ్ చెయ్యాలి. లేకపోతే స్టాండు పొడుగై, బండి పక్కకు ఒరగకుండా నిటారుగా నిలబడుతుంది. చిన్న తోపుకే అవతలి వైపు పడుతుంది. ఇరుళప్పన్‌కు ఇది తెలియనిది కాదు. కానీ ఎదురు వెల్డింగ్ షాపు మూసి ఉంది. మూడు గంటల బస్సుకు అతను మదురై వెళ్ళాలి. అక్కడ బావమరిది మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు, పేచ్చియమ్మాళ్ పట్టుచీర కట్టుకుని ఇంట్లో కూర్చుని ఉంది. స్టాండు వేసి చూశాడు. బండి పాతిన గుంజలా నిటారుగా నిలబడింది. మట్టి నేలలో స్టాండు కాస్త దిగుతుందిలే, ఏమవుతుంది అనుకున్నాడు.

సోమవారం ఒకసారి రమ్మని అయినా చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే పని పూర్తి కాలేదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె అంత సంతోషంగా చూస్తుంటే ఆ మాట నోటికి రాలేదు.

మూడు వారాల తర్వాత ఆనంది మళ్ళీ వచ్చింది. బండి కుడివైపు బ్రేకు లివరు వంగిపోయింది, అద్దం విరిగింది. బండి దెబ్బ తిన్న వైపు చూడగానే ఇరుళప్పన్ చూపు స్టాండు మీదికి పోయింది.

"ఏమైందమ్మా?"

"ఉడుమలైపేట దాటి ఒక కొబ్బరి తోటకి పోయింటిని అన్నా. తీగ కొత్తగా చుట్టి వైండింగ్ చేసిన మోటారు వెనక కట్టుకొని. పంపు రూము ముందర సిమెంటు నేల. స్టాండు వేసి దిగితిని. తోట తాత తాడు విప్పుతానని అవతల పక్క నిలబడినాడు. గాలి ఒక్కసారి కొట్టింది. బండి ఆయన మీదికే పోయింది. మోటారు కాలి మీద పడి బొటనవేలు ఎముక విరిగింది."

ఇరుళప్పన్ వంగిన లివరును పట్టుకుని చూస్తున్నాడు.

"ఆయన ఒక్క మాట అనలా. మా సూపర్‌వైజరే అన్నాడు, పొట్టిదానికి బండి ఇస్తే ఇంతే అని. నన్ను లోపల కూర్చొని చేసే వైండింగ్ బెంచీకి మార్చేసినారు. ఈ బండి వేరే ఆయనకి ఇస్తారంట. మళ్ళీ మునుపటి మాదిరి ఎత్తు చేసి తెమ్మన్నారు." ఆమె గొంతు తగ్గించి, "నువ్వు అంత కష్టపడి చేసిస్తివి. నేను సరిగ్గా స్టాండు వెయ్యక నీ పని పాడు చేసేస్తిని. మన్నించేయన్నా" అంది.

ఆ క్షణంలో చెప్పేయవచ్చు. స్టాండు తను కొయ్యలేదన్న ఒక్క మాట చాలు. టీ కొట్టు దగ్గర ఈసారి ఎవరూ లేరు కూడా. కానీ ఇరుళప్పన్ నోట వచ్చిన మాట వేరు. "ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందంటారు. నువ్వేం చేస్తావు" అన్నాడు.

అని, స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. పాత షాకులు బిగించాడు. ఫోర్కు గొట్టాలను పాత గుర్తుకు దించాడు. ఒక్కొక్క నట్టు బిగిస్తుంటే తన తప్పును తానే పూడ్చిపెడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. బండి ఎత్తు పెరిగాక స్టాండు మళ్ళీ సరిపోయింది. ఇక ఎవరు చూసినా ఏమీ దొరకదు.

ఆనంది తానే స్టాండు వేసి చూసింది. బండి చక్కగా ఎడమకు ఒరిగి నిలబడింది. ఆమె దాన్ని కాసేపు చూసి, "చూడన్నా, ఎంత బాగా నిలబడుతుండాదో. నా చెయ్యే మంచిది కాదు" అంది.

బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఎక్కి నడపలేదు.

తొమ్మిది రోజులు ఇరుళప్పన్ షెడ్డుకు వచ్చిన ప్రతి బండికీ ముందు స్టాండు చూసేవాడు. ఎవరైనా "ఇరుళప్పన్ చెయ్యి పడితే ఇంక చూసుకోనక్కరలేదు" అంటే లోపలికి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. పదో రోజు మధ్యాహ్నం అన్నం కలిపి ముద్ద నోట పెట్టుకోకుండా కూర్చుంటే, పేచ్చియమ్మాళ్ ఏమిటని అడిగింది. దాచకుండా అంతా చెప్పాడు.

ఆమె విని, "ఆ బిడ్డ నిన్ను అన్నా అని కదా పిలిచింది?" అంది.

"అవును."

"తప్పు నాదే అని ఏడిస్తే నువ్వేమంటివి?"

"గాలి అంటిని."

పేచ్చియమ్మాళ్ అతని కంచం తీసి పక్కన పెట్టి, చొక్కా తెచ్చి ఇచ్చింది.

తుడియలూరు చేరేసరికి మూడయింది. సూపర్‌వైజర్ పళనిసామి కంపెనీ ఆవరణలో లారీకి పంపులు ఎక్కిస్తున్నాడు. తెల్లచొక్కా మనిషి. ఆయనా ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. ఇరుళప్పన్ చేతులు కట్టుకుని విషయం చెప్పాడు. పళనిసామికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు.

"ఆ పిల్ల పంపించిందా నిన్ను?"

"లేదు సామీ. ఆమెకి తెలీదు. బండి ఇక్కడ ఉంటే చూపిస్తాను."

బండి ఆవరణలోనే ఉంది. ఇరుళప్పన్ ప్యాకింగ్ పెట్టెల దగ్గర ఒకటిన్నర అంగుళం మందం చెక్కముక్క ఏరుకొచ్చి స్టాండు పాదం కింద పెట్టాడు. బండి నిటారుగా లేచింది. "నేను చేసిచ్చినప్పుడు స్టాండు ఇంత పొడుగు ఉండింది" అని, ఎడమవైపు నుంచి రెండు వేళ్ళతో సీటును తోశాడు. బండి అవతలికి ఒరిగిపోయింది. అక్కడ కాచుకున్న లోడింగ్ మనిషి పట్టుకోకపోతే పడేదే.

పని ఆపి అందరూ చూస్తున్నారు. వైండింగ్ గదిలోంచి కూడా మనుషులు బయటకు వచ్చారు. వాళ్ళ వెనక, వార్నిష్ మరకల చేతులతో, ఆనంది నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇరుళప్పన్ చూడలేదు.

"ఇన్ని దినాలు గమ్మున ఉండి ఇప్పుడు వచ్చి చెప్తుండావా?" అన్నాడు పళనిసామి. "వయసైన మనిషివి. ఒకరి కాలు విరిగిందయ్యా!"

"తప్పే సామీ." అన్నాడు ఇరుళప్పన్. చెవులు మండుతున్నాయి. ముప్పై ఏళ్ళ పేరు అంతమంది మధ్య సిమెంటు నేల మీద పడి ఉన్నట్టుంది. ఎత్తుకోవడానికి వంగే ధైర్యం కూడా లేదు.

ఆనంది మెల్లగా ముందుకు వచ్చింది. బండిని కాదు, చెక్కముక్కను చూసింది.

"ఆ దినం నేను నీ ఎదురుగానే అంటిని గదా, నా చెయ్యే మంచిది కాదని. అప్పుడైనా చెప్పిండచ్చు."

"చెప్పిండాలమ్మా."

"నాకి చెప్పినావు, సరే. ఆ తాతకి ఎవరు చెప్తారు?"

ఆదివారం ఇరుళప్పన్ ఉడుమలైపేట బస్సెక్కాడు. తోట కనుక్కుని, కాలికి కట్టుతో నులకమంచం మీద కూర్చున్న ముసలాయనకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ముసలాయన అంతా విని, తమిళంలో, "ఆ అమ్మాయి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి నా కాలు చూసి వెళుతోందయ్యా. వచ్చినప్పుడల్లా తప్పు నాదే అంటుంది. నేనే ఊరుకోమంటాను" అన్నాడు. కోడలిని పిలిచి లేత బొండం కొట్టించి ఇచ్చాడు. ఇరుళప్పన్ అది చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేకపోయాడు. ఆ ఆదివారం బస్సు దిగి ఆనంది వస్తుందేమోనని భయపడి, బొండం సగంలో వదిలి లేచి వచ్చేశాడు.

పళనిసామి వెంటనే దిగిరాలేదు. ఒక నెల గడిచాక, దగ్గరి తోటలకు మాత్రమే అని చెప్పి, అదే బండి ఇచ్చి ఆనందిని మళ్ళీ సర్వీసుకు పంపాడు. పొట్టిదానికి బండి ఇస్తే ఇంతే అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బండి దించడానికి ఆనంది ఇరుళప్పన్ షెడ్డుకే వచ్చింది. వస్తుందని అతను అనుకోలేదు. సంతోషించబోయాడు. కానీ ఆమె తమిళంలో మాట్లాడింది. షాకులు ఎంత పొడుగువి, గొట్టాలు ఎంత జరుపుతావు, స్టాండు ఎంత కోస్తావు అని కొత్త మెకానిక్‌ను అడిగినట్టు అడిగింది. అతను తెలుగులో జవాబు చెప్పాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఆమె తమిళంలోనే అడుగుతుంటే చివరకు అతనూ తమిళంలోకి మారాడు. నమ్మకంతో కాదు, ఆ బండికి ఏం చెయ్యాలో ఇరుళప్పన్‌కు ముందే పూర్తిగా తెలుసు గనుకే వచ్చిందని అతనికి అర్థమైంది.

ఆ రోజు ఆమె కూర్చోలేదు. పేచ్చియమ్మాళ్ టీ ఇస్తే తీసుకుని, నిలబడే తాగింది. వెల్డింగ్ షాపులో స్టాండు కోస్తుంటే రోడ్డు దాటి వెళ్ళి చూసింది. అతుకు చల్లారాక తన సంచిలోంచి టేపు తీసి తానే కొలిచింది.

బండి సిద్ధమయ్యాక స్టాండు వేసి, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, వెనక సామాను చట్రం పట్టుకుని మరోసారి గట్టిగా తోసింది. బండి కదిలి, తన చోట తాను నిలబడింది. ఇరుళప్పన్ తల వంచుకుని చేతులు తుడుచుకుంటున్నాడు.

"సరి" అంది ఆనంది. బండెక్కి, రెండు మడమలూ నేలకు ఆనించి హెల్మెట్ బిగించుకుంది. తుడియలూరు దగ్గరే ఒక తోటలో మోటారు చూడాలట, పేచ్చియమ్మాళ్‌తో చెప్పింది. ఆ మాట మాత్రం తెలుగులో చెప్పింది.