పేరు లేని డబ్బా

మా పెద్దమావ బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండేది. మేం వలస వెళ్లిన దేశంలో, లమ్మడా పేటలో మూడో అంతస్తు ఇంట్లో కూర్చుని, ఏటి అవతల దలా పొలాల మీద పడే అడవిపందుల కోసం తన రైఫిల్ తూటాలు తనే నింపుకునేవాడు. తుపాకికి తగిన మందు డబ్బా తీసి, దాని మీది చీటీ పైకి చదివాకే మూత విప్పేవాడు.

"రెండో డబ్బా బల్లెక్కితే సెయ్యి తప్పుతాది. మందు మారితే తుపాకి మొకం మీదే పేలుతాది," అనేవాడు.

సర్కారు ఆ తుపాకి పట్టుకుపోయాక, ఓ పొద్దున్న ఆ సర్కారే పెట్టిన వార్డు పెద్ద వచ్చాడు. ఆయనా తెలుగువాడే. చీటీ లేని మందు డబ్బా, సంచెడు ఖాళీ తూటాలు బల్ల మీద పెట్టి నింపమన్నాడు. ఆయన తలుచుకుంటే మనిషి తెల్లారేసరికి ఇంట్లో ఉండడు. అత్తా నేనూ గుమ్మంలోంచి చూస్తున్నాం.

"ఏటి కొడతారు బాబూ వీటితో? పందులనా?" అన్నాడు మావ.

ఆయన డబ్బాని మావ వైపు తోశాడు.

"డబ్బాకీ పేరు లేదు, సచ్చీవోడికీ పేరు లేదు. నాను ముట్టను."

లేచి, అలమరలో మిగిలిన తన డబ్బా తెచ్చాడు. చీటీ ఆఖరిసారి పైకి చదివి, మందంతా నీళ్ల బకెట్లో ఒంపేశాడు.

"ఇంక ఈ ఇంట్లో మీ డబ్బా ఒక్కటే ఉంది. అట్టుకెల్లిపోండి."